తుల నేర్చుకున్న నెల

గాజు గోడకు అవతల హిమజ నవ్వుతోంది. నర్సు ఏదో అన్నది కాబోలు, చేయి చాపి రక్తం ఇస్తూనే తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఇవతల డాక్టర్ కృపాదానం బల్ల మీది తెరపై ఆమె రక్తంలోని కార్టిసాల్ అనే హార్మోను గీత కుదురుగా సాగుతోంది. బల్లకు ఎదురుగా కూర్చున్న ఆమె భర్త శశాంక్, అత్తగారు కామేశ్వరి మాత్రం అటువైపు చూడలేకపోతున్నారు. ఆ రోజు తెల్లవారుతూండగా అనకాపల్లిలో హిమజ అక్క శ్యామల గుండె ఆగి చనిపోయింది. హిమజకు ఆ సంగతి ఇంకా తెలియదు.

"చెప్పాలా, వద్దా? అది తేలకుండా ఇంటికి తీసుకువెళ్ళలేను," అన్నాడు శశాంక్.

"తల్లి పోయాక హిమజను పెంచింది ఆ శ్యామలే బాబూ," అన్నది కామేశ్వరి డాక్టరుతో. "ఇప్పుడు చెబితే మళ్ళీ మంచం పడుతుంది. ఆ మంచం మీద దాన్ని మూడేళ్ళు చూశాను. ఇంక చూడలేను."

ఆ మూడేళ్ళ గురించి కొంచెం చెప్పుకోవాలి. మన గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి, మూత్రపిండాల మీద టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. అవి రక్తంలోకి వదిలే హార్మోన్లు, చెరువులో చిటికెడు ఉప్పు కలిపితే ఎంతో, అంత స్వల్పం. నిద్ర, ఆకలి, నెలసరి, గుండె వేగం మాత్రమే కాదు, ధైర్యమూ దిగులూ కూడా చాలావరకు ఆ చిటికెడులోనే ఉన్నాయి. హిమజకు ఆ లెక్క తప్పింది. జుట్టు రాలింది, ఒళ్ళు ఉబ్బింది, వేకువనే కారణం లేని భయంతో మెలకువ వచ్చేది. లేచి చేసేదేమీ లేక గోడవైపు తిరిగి పడుకునేది. మనిషి దిగులుపడి జబ్బుపడుతుందా, జబ్బుపడి దిగులుపడుతుందా అన్న ప్రశ్నకు ఆమె శరీరం సమాధానం ఇవ్వలేదు. బహుశా ఆ ప్రశ్నలో మనం గీసుకున్న గీత శరీరానికి తెలియదు.

విశాఖలో ఆ రోజుల్లో తుల కొత్తగా వచ్చింది. బియ్యపుగింజంత యంత్రం. దండచేతి చర్మం కింద అమరుస్తారు. అది రక్తంలోని హార్మోన్లను ఎడతెగకుండా కొలిచి, తక్కువైన దానిని అందిస్తుంది, మితిమీరిన దానిని అణిచివేస్తుంది. అయితే ఎంత ఉంటే సరి అన్నది ఏ గ్రంథమూ చెప్పలేదు, మనిషి మనిషికీ అది వేరు. అందుకని మొదటి నెల తుల దేనినీ సరిదిద్దదు. డాక్టరు మందులతో మనిషిని బాగున్న స్థితిలో నిలబెడతాడు, తుల ఆ స్థితిని చూసి నేర్చుకుంటుంది. నెల నిండగానే నేర్చుకున్నది స్థిరపడిపోతుంది. అక్కడి నుంచి గ్రంథులు తమ పనిని యంత్రానికి వదిలి వెంటనే నిద్రపోతాయి.

హిమజకూ తుల అమర్చారు, ఆ నెలలో సగం మిగిలి ఉంది.

కృపాదానం తెర వైపు చూశాడు. ఈ సగంలో దుఃఖం ప్రవేశిస్తే తుల దానినే ఆమె సహజస్థితిగా నేర్చుకుంటుంది. "నెల నిండేదాకా ఆగండి. ఆ తరువాత తులే ఆమెను నిలబెడుతుంది," అన్నాడు.

మన ఇళ్ళలో చెడువార్త దాచడాన్ని ఎవరూ అబద్ధం అనరు. గర్భిణికి, పరీక్షలు రాసేవాడికి, గుండె బలహీనమైన వాడికి అది ఒక పథ్యంలాగా పెడతారు. శశాంక్ ఒక్కడే అనకాపల్లి వెళ్ళి వచ్చాడు. శ్యామల ఎప్పటినుంచో అనుకుంటున్న కేదారయాత్రకు ఉన్నట్టుండి బయలుదేరిందని, కొండల్లో ఫోన్లు కలవవని ఇంట్లో చెప్పారు.

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందా?" అన్నది హిమజ. "రానీ, దాని పని చెబుతాను."

కామేశ్వరి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రెండు వారాలు ఆమె కోడలికి ఇష్టమైనవే వండింది, గొంతు పెంచలేదు.

"అత్తయ్యా, మీరు నన్ను ఒక మాట అని ఎన్నాళ్ళయింది? ఒంట్లో బాగోలేదా?" అని హిమజ ఏడిపించింది.

"నిన్ను అనడానికి కూడా ఒక అర్హత ఉండాలిలే. ముందు ఆ గారె తిను."

హిమజ తిన్నది. చాలాకాలానికి ఆమె మళ్ళీ పాత హిమజ అయింది. అనకాపల్లిలో ఆమె లేకుండానే పదోరోజు జరిగిపోయింది.

నెల నిండిన మరునాడు శశాంక్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆమె గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంది. గొంతులో ఏదో లేచింది. అంతలోనే, పొంగుతున్న పాలకింద ఎవరో మంట తగ్గించినట్టుగా, అది కిందికి దిగిపోయింది.

"ఎప్పుడు?" అని అడిగింది. చెప్పాడు. "అలాగా," అన్నది.

ఆ సాయంత్రమే అనకాపల్లి వెళ్ళారు. చావు జరిగిన ఇంటికి ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్ళను గుమ్మంలోనే పట్టుకుని ఏడవడం అక్కడి ఆనవాయితీ. శ్యామల అత్తగారు హిమజను గట్టిగా వాటేసుకుని, "నీ అక్క పోయిందే తల్లీ, నిన్నే తలుచుకుందే," అని శోకాలు పెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఎత్తారు. హిమజ ఆమె భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. కన్ను తడవలేదు. కాసేపటికి మంచినీళ్ళు అడిగింది. ఆకలిగా ఉండి, పెట్టిన అన్నం మొత్తం తిన్నది.

"పెంచిన అక్కండీ," అన్నది ఎవరో, వినపడేటట్టే. "మా ఇంట్లో కుక్క పోతేనే ఇంతకంటే ఎక్కువ ఏడ్చాం."

మరునాడు ముగ్గురూ కృపాదానం ఎదుట కూర్చున్నారు.

"నేను అక్కను మరిచిపోలేదు డాక్టరు గారూ," అన్నది హిమజ. "జడ వేసేటప్పుడు ఎంత గట్టిగా లాగేదో కూడా జ్ఞాపకం ఉంది. తలుచుకుంటాను. లోపల ఏదో కదులుతుంది. వెంటనే ఎవరో వచ్చి సర్దేస్తారు. మీ యంత్రం ఆపేయండి."

"ఆపలేనమ్మా. మీ అడ్రినల్ గ్రంథులు ఇప్పుడు పనిచేయడం లేదు. ఆపితే ప్రాణానికే ప్రమాదం." ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేర్చుకునే నెలను ఇంకొక్కసారి తెరవగలను, ఆ నెలరోజులు మాత్రం మందులతో నెట్టుకురావచ్చు. ఒక్కసారే. తెరిచినరోజు నుంచి మీరు ఏడవగలుగుతారు. కానీ అది మళ్ళీ నేర్చుకుంటుంది. నెలాఖరుకు ఏది ఉంటే దానినే మీ సహజస్థితి అనుకుంటుంది. మీ మూడేళ్ళ జబ్బు మళ్ళీ వచ్చినట్టే, ఈసారి శాశ్వతంగా."

"నెలలో ఏడుపు పూర్తయిపోతే?"

"అవుతుందా?"

హిమజ ఆలోచించింది. "అవదు. నెల చాలదు. జీవితమంతా అయితే ఎక్కువ. మామూలుగా మనుషులకు ఎంతకాలం పడుతుంది?"

డాక్టరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "ముందే చెప్పి ఉండవలసింది," అని మాత్రం అన్నాడు. "ఆగమన్నది నేనే."

"తెలుసు, శశాంక్ చెప్పాడు. మీ ముగ్గురి మీదా నాకు కోపం రావాలి కదా? రాత్రంతా కూర్చుని చూశాను. రావడం లేదు." ఆమె గొంతు ఎవరినీ నిందించడం లేదు. అందుకే వినడం కష్టంగా ఉంది. "తెరవకండి. ఆ మంచం నాకూ జ్ఞాపకమే."

శశాంక్ తల వంచుకున్నాడు. కామేశ్వరి మాత్రం అంతవరకు దాచుకున్నదంతా ఇక ఆపుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడవసాగింది. హిమజ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఏదో పుస్తకంలో చదివి మాత్రమే తెలిసిన ఊరిని మొదటిసారి దగ్గరగా చూస్తున్న యాత్రికురాలిలాగా చూసింది.

"అక్క కోసమేనా అత్తయ్యా?"

కామేశ్వరి తల ఊపింది.

"అయితే తొందరపడి ఆపకండి. నా వంతు కూడా మీరే ఏడవాలి," అన్నది హిమజ, అత్తగారి వీపు మెల్లగా నిమురుతూ.