ఒంటిచేత్తో తెరిచే సంచీ

"ఈ సంచీ తెరిచేలోపు పేషెంటు ముసలివాడైపోతాడు మేడమ్," అన్నాడు అంబులెన్సు నర్సు.

డిజైనరమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ప్రథమ చికిత్స సామాను కోసం ఆమె ముచ్చటపడి చేసిన ఎర్ర సంచీ అది. దాని నిండా జిప్పులు పెట్టించింది మాత్రం వాళ్ళ కంపెనీ డైరెక్టరుగారు. జిప్పులెక్కువుంటే రిచ్‌గా ఉంటుందని ఆయన నమ్మకం. పాస్‌వర్డ్ కూడా పెట్టిద్దామనుకున్నారు కానీ, తనకే గుర్తుండదని మానుకున్నారు.

"రెండు చేతులతో లాగితే వచ్చేస్తుందిగా!" అందామె.

"రెండో చెయ్యి ఎక్కడిదండీ? అది గాయం మీదుంటుంది. ఏదీ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి. ఇదే గాయం అనుకోండి."

ఆమె మణికట్టును ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో జిప్పులతో కుస్తీ పట్టాడు. గుర్రుగా చూద్దామని తలెత్తిన పిల్ల అతని కనురెప్పలు చూసి కోపం సంగతే మరిచిపోయింది. బయట వాన కూడా సమయం చూసుకుని మొదలైంది.

అప్పట్నుంచి ప్రతి నమూనాకీ అదే పరీక్ష. అతను సరేనంటేనే సంచీలు అంబులెన్సులు ఎక్కుతాయి. ఆమె జిప్పులు పీకించి, లాగితే ఊడొచ్చే వెల్‌క్రో మూత వేసింది, అడుగునున్న కట్టుగుడ్డల్ని పైకి తెచ్చింది. సంచీ బాగుపడింది. చిక్కంతా అక్కడే వచ్చింది. అదెంత త్వరగా తెరుచుకుంటే అతను చెయ్యి అంత త్వరగా వదిలేస్తున్నాడు!

ఇంట్లో అక్క పసిగట్టేసింది.

"ఏమే, బంగారంలాంటి మూత తీసేసి మళ్ళీ జిప్పు కుడుతున్నావేంటి?"

"అదీ... సేఫ్టీ కోసమక్కా."

"ఎవరి సేఫ్టీ? కారే రక్తం నీ జిప్పు తెరుచుకునేదాకా ఆగుతుందా?"

ఆమెకు సిగ్గుతో తల వాలిపోయింది. కుట్టిన జిప్పును ఏడుస్తూ విప్పేసింది. అతనంటే ఆమెకు ప్రాణం. ఈ సంచీ పాసైతే అతనిక ఆమె ఆఫీసు గడప తొక్కడు.

చివరి పరీక్షకు డైరెక్టరుగారు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకొచ్చారు. నర్సు ఆమె మణికట్టు పట్టుకుని మూత ఒక్క లాగు లాగాడు. సంచీ విచ్చుకుంది, కట్టుగుడ్డ చేతికొచ్చింది.

"అద్భుతం! మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే!" అన్నారు డైరెక్టరుగారు, ఫొటోకి పోజిస్తూ. "ఇంక చెయ్యి వదలవయ్యా, పాసైపోయిందిగా."

అతను వదల్లేదు.

"నర్సునై ఉండి, ఈ సంచీ ఇవాళ తెరుచుకోకూడదని కోరుకున్నాను మేడమ్," అన్నాడు మెల్లగా. "రేపట్నుంచి మిమ్మల్ని చూడ్డానికి ఏ వంకా లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె కళ్ళు నిండిపోయాయి. "మీరు కోరుకున్నారంతే. నేనైతే ఏకంగా జిప్పే కుట్టేశాను. మా అక్క తిట్టి విప్పించింది. సాయంత్రం వచ్చి ఆవిడతో మాట్లాడండి."

"జిప్పా?" డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. "భలే ఐడియా! మళ్ళీ పెట్టించండి!"

"వద్దు సార్!" అన్నారిద్దరూ ఒక్కసారే. చెయ్యి మాత్రం ఆమె వెనక్కి తీసుకోలేదు.