చూపు పాదాల మీద ఉండాలి

"ఏ మేకను కోస్తున్నారక్కడ?"

ద్రాక్ష పందిరి కింద క్లారినెట్ ఊదుతున్న నేను ఉలిక్కిపడ్డాను. గుమ్మంలో మా మాస్టారి కూతురు లాంబ్రిని నిలబడి ఉంది.

"మేక కాదు, నేనే."

"తెలుస్తూనే ఉందిలే. ఇలా ఇవ్వు."

క్లారినెట్ లాక్కుంది. "ఈ పల్చటి రెల్లు బద్ద చూడు. పాట పుట్టేది ఇక్కడే. నువ్వు పళ్ళు బిగిస్తే అదెలా వణుకుతుంది? అది వణికితేనే గొట్టంలో గాలి పలుకుతుంది. కన్నాలు మూస్తే గాలి దారి పొడవై స్వరం దిగుతుంది. తెరిస్తే లేస్తుంది."

"మరి వెనకాల బొటనవేలి దగ్గర ఈ మీట?"

"నొక్కి చూడు. మిగతా వేళ్ళు కదపకు."

నొక్కి ఊదాను. అవే వేళ్ళు, అదే ఊపిరి. స్వరం ఒక్క గెంతులో మేడెక్కి కూర్చుంది. లాంబ్రిని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి నేను పడిపోయాను.

"పండక్కి నాన్న పక్కన వాయిస్తావటగా? చేతులు పట్టుకుని వరసగా నాట్యం చేసేవాళ్ళలో ముందు ఎవరుంటే పాట వాళ్ళది. వాళ్ళ పాదాలే చూడాలి. పాదం ఆగితే స్వరం ఆగాలి. తప్పావో, మర్నాడే నాన్న నిన్ను మీ ఊరు యానినాకి బస్సెక్కించేస్తాడు!"

బస్సెక్కితే మళ్ళీ ఈ పందిరి కిందికి రావడం ఉండదు. ఆ భయంతో ఊళ్ళో అందరి బూట్లూ చూస్తూ తిరిగాను.

పండగనాడు చర్చి ముంగిట్లో మాస్టారు నన్ను ముందుకి పొమ్మని సైగ చేశారు. తీరా చూస్తే వరసలో మొదట లాంబ్రిని!

బుద్ధిగా పాదాలే చూశాను. ఆమె పాదం గాలిలో ఆగింది, నా స్వరమూ ఆగింది. నచ్చిందో లేదో చూద్దామని తలెత్తాను. కళ్ళు కలిశాయి. ఇంకేముంది, ఆమె ఆగినా నా పాట ఆగలేదు. పళ్ళు బిగుసుకుని క్లారినెట్ కీచుమంది.

"మేక!" అన్నారెవరో. ఊరంతా గొల్లుమంది.

"ఏమయ్యా స్టెర్గియోస్, ఎటు చూస్తున్నావు?" అన్నారు మాస్టారు.

అబద్ధం నోటికి రాలేదు. "మీ అమ్మాయి మొహం, మాస్టారూ. తనంటే నాకు ప్రాణం. ఇక బస్సెక్కించండి."

"ఎక్కిస్తే నేనూ ఎక్కుతా, నాన్నా," అంది లాంబ్రిని.

మాస్టారు మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూశారు. "ఎవరూ ఎక్కక్కర్లేదు. మీ పెళ్ళిలో వాయించేది నేను. అప్పుడు దాని పక్కనే ఆడుతూ ఎంత కావాలంటే అంత చూసుకో. ఇప్పుడు మాత్రం పాదాలు చూడు!"

కిందికే చూస్తూ మళ్ళీ అందుకున్నాను. లాంబ్రిని నన్నే చూస్తోందేమో, ఒక అడుగు తప్పింది. ఆ అడుగు కుదురుకునే దాకా నా స్వరం ఆగింది.