ఆదివారం దాకా ఆగిన అప్‌డేట్

"పాస్‌వర్డ్ చెప్పండి," అన్నాడు అతను.

"చెప్పను," అంది ఆమె.

"ఈ సాఫ్ట్‌వేర్ రాసింది నేనేనండి."

"అయితే? తాళం తయారుచేసినాయన వచ్చి అడిగితే మీ ఇంటి తాళంచెవి చేతిలో పెట్టేస్తారా? అటు తిరగండి, నేను కొడతాను."

చేసేదేం లేక అటు తిరిగాడు. ఎదురుగా గోడకి కంటి పరీక్ష చార్టు వేలాడుతోంది. ఏం తోచక అందులోని అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

అది కంటి ఆసుపత్రి. ఆమె అక్కడ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. రిసెప్షన్ నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా ఉన్న కంప్యూటర్లన్నీ ఆమె చెప్పినట్టు వింటాయి కాబట్టి నర్సులు ఆమెకి సర్వరమ్మ అని పేరు పెట్టేశారు. ఆ కంప్యూటర్లన్నిటినీ ఒక్కచోట కూర్చుని నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో అతను పనిచేస్తాడు. అందులో లాగిన్, పాస్‌వర్డ్‌ల భాగం మొత్తం అతనిదే. అందుకని ఆఫీసులో తాళాలబ్బాయి అంటారు. ఆరోజు కొత్త వెర్షన్ వేసి చూపించడానికి వచ్చాడు.

"అయిపోయింది, ఇటు తిరగండి," అంది ఆమె. "వెళ్లేముందు డాక్టరుగారికి ఓసారి కళ్లు చూపించుకోండి. రెండో వరుసకే తడబడ్డారు."

అతనికి ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఫోన్లో తేలిపోయే పని కోసం ఊరంతా దాటుకుని ఎందుకు వచ్చాడని ఆమె అడగలేదు. అడగకపోవడం అతనికి బాగా నచ్చింది. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్‌కి తుమ్ము వచ్చినా తాళాలబ్బాయి ప్రత్యక్షమయ్యేవాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. కళ్లజోడు కూడా వచ్చింది.

ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. ఇద్దరూ క్యాంటీన్ ముందు రేకు కింద చిక్కుకుపోయారు. రేకు మీద చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడాలంటే దగ్గరికి జరగాల్సిందే. జరిగారు.

"నేను పంపే అప్‌డేట్లు వెంటనే వేస్తావా, పక్కన పడేస్తావా?" అనడిగాడు.

"ముందు దాంతోపాటు వచ్చే నోట్ చదువుతాను. సెక్యూరిటీ అని ఉంటే ఓపీ నిండా జనం ఉన్నా సరే, అందరి చేతా తిట్లు తిని అప్పటికప్పుడు వేసేస్తా. చిన్నచిన్న మార్పులు అని ఉంటే ఆదివారం. ఆరోజు కంప్యూటర్లు ఆపినా ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నోట్‌లో రాసిందంతా నమ్మేస్తావా?"

"రాసేది నువ్వేగా," అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

అక్కడ ఆగినా బాగుండేది. మనవాడి నోరు ఊరుకోదు కదా. "నా కోడ్‌కి సెక్యూరిటీ నోట్ రాసే అవసరం రాదులే," అన్నాడు.

"అబ్బో," అంది ఆమె. చేయి చాచి వాననీళ్లు పట్టి అతని కళ్లజోడు మీద చిలకరించింది. అతను అద్దాలు తుడుచుకుని పెట్టుకునేసరికి ఆమె ఇంకా అతనివైపే చూస్తోంది. ఆ నిమిషంలో తన మనసులో మాట చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. తొందరేముంది అనుకున్నాడు.

తర్వాతి వారమే అతని కోడ్‌లో కన్నం కనబడింది. కనిపెట్టింది కూడా అతనే. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల కోసం రాసిన పేజీలో, ఏ సంబంధమూ లేనివాళ్లు బయటినుంచి నేరుగా లోపలికి వచ్చేసే దారి ఉంది. ఆ దారిన వచ్చినవాడికి కంప్యూటర్లన్నీ దాసోహం. మధ్యాహ్నానికల్లా కన్నం పూడ్చేశాడు. ఆ పని మాత్రం చక్కగా చేశాడు, వంక పెట్టడానికి లేదు.

వంకంతా నోట్ దగ్గర వచ్చింది.

"సెక్యూరిటీ అని రాశావంటే రేపు పొద్దున్నించి ఫోన్లు మోగిపోతాయి," అన్నాడు మేనేజరు. "కన్నం ఎటూ పూడ్చేశావుగా. చిన్నచిన్న మార్పులు అని పెట్టి పంపించెయ్."

"అలా పెడితే వెంటనే వేసుకోరు సార్."

"వాళ్ల వీలు చూసుకుని వేసుకుంటారు. ఊరికే ఎందుకు అల్లరి?"

అతను ఇంకోమాట అని ఉంటే మేనేజరు ఏమనేవాడో తెలియదు. అనలేదు. నిజం చెప్పాలంటే మేనేజరు మాట అతనికి ఊరటగా తోచింది. వాన రోజు కొట్టిన గొప్పలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. చిన్నచిన్న మార్పులు అని టైపు చేసి పంపేశాడు. ఆమెకి ఫోన్ చేసి ఒక్కమాట చెబుదామా అని చేతిలోకి తీసుకున్నాడు కూడా. వాన రోజు ఆమె అన్న 'అబ్బో' గుర్తొచ్చి జేబులో పెట్టేసుకున్నాడు.

కొత్త అప్‌డేట్ రాగానే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏం మారిందో వెతికే దొంగలు ఉంటారు. ఎక్కడ అతుకు పడిందో చూస్తే ఎక్కడ కన్నం ఉండేదో తెలిసిపోతుంది. వాళ్లకి నోట్‌తో పనిలేదు. నోట్ అవసరమయ్యేది ఆమెలాంటివాళ్లకే. ఇది అతనికి తెలియనిది కాదు.

శుక్రవారం పొద్దున అలాంటి దొంగలెవరో ఆ కన్నంలోంచి ఆసుపత్రిలోకి దూరారు. అక్కడి కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. రోగుల వివరాలు తెరుచుకోలేదు. ఎవరికి ఏ కంటికి ఆపరేషనో చూసుకునే వీలు లేక డాక్టర్లు ఆపరేషన్లన్నీ ఆపేశారు. కంట్లో చుక్కలు వేయించుకుని వరుసగా కూర్చున్న ముసలివాళ్లని చేతులు పట్టుకుని బయటికి నడిపించారు.

అతను పరుగెత్తుకుంటూ వెళ్లాడు. ఆమె ముందే దాచి ఉంచిన కాపీల నుంచి, ఆదివారం దాకా ఇద్దరూ కలిసి ఒక్కో కంప్యూటర్నీ తిరిగి లేపారు.

"నాదే తప్పు," అంది ఆమె మధ్యలో. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "నీ అప్‌డేట్ మంగళవారమే వచ్చింది. ఆదివారం వేద్దాంలే అనుకున్నా. నీ అప్‌డేట్ నా దగ్గరే ఉంది, నేనే వేయలేదు."

"నీ తప్పేం లేదు," అన్నాడు.

ఆమె దాన్ని ఓదార్పు అనుకుంది. అతను అనుకోనిచ్చాడు.

ఆసుపత్రివాళ్లు ఊరుకోలేదు. అప్‌డేట్ చేతిలో ఉండి కూడా ఎందుకు వేయలేదని మెమో ఇచ్చారు. ఆమె తప్పు ఒప్పుకుంది. సర్వర్ గది బాధ్యత తీసేశారు. తర్వాత అతను వెళ్లేసరికి ఆమె రిసెప్షన్ కౌంటర్లో కూర్చుని రోగులకి టోకెన్లు ఇస్తోంది. అతన్ని చూసి, "మీ నంబరు పిలిచేదాకా కూర్చోండి," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇక అతనివల్ల కాలేదు. భోజనం టైములో క్యాంటీన్లో అంతా చెప్పేశాడు. కన్నం సంగతి, మేనేజరు మాట, జేబులో పెట్టేసుకున్న ఫోను, ఏదీ దాచలేదు.

ఆమె ప్లేటు పక్కకి జరిపింది.

"నేను ఏడుస్తుంటే పక్కనే ఉన్నావు," అంది.

"ఉన్నాను."

"అప్పుడూ చెప్పలేదు."

ఆమె లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతను ఎవర్నీ అడక్కుండా అసలు నోట్ రాసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లందరికీ పంపాడు. ఇది సెక్యూరిటీ లోపం, మొదటి నోట్‌లో దాచడం తప్పు, అప్‌డేట్ ఆలస్యంగా వేసినవాళ్లది పొరపాటు కాదు అని కింద తన పేరు పెట్టాడు. మేనేజరు గదిలో ఆరోజు పడ్డ చీవాట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. తాళాల పని వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఆసుపత్రి మాత్రం మెమో వెనక్కి తీసుకుని, సర్వర్ గది ఆమెకి తిరిగి అప్పగించింది.

ఆ కబురు విని అతను మళ్లీ వెళ్లాడు. సర్వర్ గది గుమ్మం దగ్గర ఆగాడు. ఆమె బయటికి వచ్చింది.

"నువ్వు రాసింది చదివాను. అలా రాయడానికి ధైర్యం కావాలి," అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపు లేదు.

"కోపం తగ్గిందా?"

"కోపం పోయింది. నువ్వేం చెప్పినా ఇంకోసారి సరిచూసుకోవాలనిపిస్తోంది. అదే పోవడం లేదు."

అతను ఇన్నాళ్లూ దాచుకున్నమాట అప్పుడు బయటపెట్టాడు. "నువ్వంటే నాకు ప్రాణం."

"తెలుసు," అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు అడిగితే సరేనందామని ఎదురుచూశాను. మా అమ్మకి కూడా చెప్పేశాను. అబ్బాయి మాట తప్పడు, చూడు అన్నాను. ఒకసారి ఇంటికి తీసుకురావే అంది."

"ఇప్పుడు మీ అమ్మగారు అడగడం లేదా?"

"రోజూ అడుగుతోంది, ఆ అబ్బాయి ఎప్పుడొస్తాడని."

"ఏం చెప్తావు?"

"ఏముంది? జరిగింది చెప్తాను."

లోపల ఏదో కంప్యూటర్ కూత పెట్టింది. ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అతను అక్కడే నిలబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పడం, ఆమె అంత తేలిగ్గా చేయబోయే ఆ పని, ఆ మంగళవారం తను ఎందుకు చేయలేకపోయాడో అతనికే తెలియలేదు.