తరంగ కుట్టు

ఆ అమ్మాయి డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, బొంతల డాక్టరు. పాతకాలపు బొంతల మీద ఆరేళ్లు పరిశోధన చేసి పట్టా పుచ్చుకుంది. ఇంటికెవరైనా వస్తే నాన్న ఛాతీ విరుచుకుని "మా అమ్మాయి డాక్టరు" అనేవాడు. వచ్చినవాళ్లు వెంటనే నొప్పిగా ఉన్న మోకాలు ముందుకు చాపేవాళ్లు. "నేను ఆ డాక్టర్ని కాదండీ, పాత బొంతలు..." అని ఆమె నసిగేసరికి మోకాలు వెనక్కి వెళ్లిపోయేది. దానితోపాటు మర్యాద కూడా.

ఇంతకన్నా ఘోరమైన రహస్యం ఒకటుంది. డాక్టరమ్మకు కుట్టడం రాదు. సూదిలో దారం ఎక్కించడానికే పది నిమిషాలు పట్టేది, అదీ దారం దయతలిస్తే. చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని, పైన పుస్తకం అడ్డం పెట్టుకుని తిరిగేది. "కుట్ల మీద పీహెచ్‌డీ, గుండీకి పిన్నీసు" అని వదిన ఏడిపించేది.

మ్యూజియంలో మాత్రం బొంతల దగ్గర ఆమె మాటే మాట. బొంతల ప్రదర్శన ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతుందనగా, ఖాళీ హాల్లో నిలబడి ఉపన్యాసం రిహార్సల్ వేసుకుంటోంది. ఎదురుగా పెద్ద బల్ల మీద ఆమె ప్రాణం పరుచుకుని ఉంది. ఎరుపు, నీలం, మాసిన పసుపు ముక్కలు కలిపి కుట్టిన బొంత.

"మిత్రులారా! ఈ బొంత వయసు నూట ముప్ఫై ఏళ్లు. మొత్తం చేతికుట్టే. ఇందులోని ప్రతి..."

"హుఫ్" అని శబ్దం వచ్చింది.

బొంత అనలేదు. హాలు చివర, ప్రదర్శన కోసం తెచ్చిన పాత కుట్టు మిషన్ల కిందనుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

"ఎవరది?"

కాళ్ల తర్వాత నడుము, నడుము తర్వాత నూనె మరకల చొక్కా, చివరికి ఒక మొహం బయటికి వచ్చాయి. ముక్కు మీద కూడా నూనె. కళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువే.

"మిషన్ మెకానిక్‌నండీ. ఈ ఆరు మిషన్లూ తిరిగేలా చెయ్యమన్నారు."

"చెయ్యండి. మధ్యలో ఆ దగ్గెందుకు?"

"దగ్గు కాదండీ, నవ్వు. ఆపుకోబోతే అలా వచ్చింది."

డాక్టరమ్మకు చెవులు వేడెక్కాయి. "నవ్వొచ్చే మాట నేనేమన్నాను?"

"ఆ మూల చిరుగులోంచి లోపలి కుట్టు కనబడుతోంది కదండీ..."

"ఆ కుట్టేనండీ దీని గొప్పతనం! దాన్ని తరంగ కుట్టు అంటారు."

"ఎవరంటారు?"

"నేనంటాను. ఇరవై రెండు పేజీల వ్యాసం రాశాను. చూడండి, అలల్లా పైకీ కిందికీ... కుట్టినామె మనసులోని ఆటుపోట్లు. ప్రతి పదో కుట్టు దగ్గరా చిన్న ఖాళీ ఉంది, చూశారా? అది శ్వాస విరామం."

"అంటే?"

"ఊపిరి పీల్చుకోడానికి ఆగడం."

అతను బొంతను చూశాడు. ఆమెను చూశాడు. పెదవులు వణికాయి, భక్తితో మాత్రం కాదు.

"మేడం, దాన్ని మేం జిగ్‌జాగ్ అంటాం, మిషన్ కుట్టు. అలా వంకర కుట్టు పడాలంటే మిషన్లో సూది అటూ ఇటూ ఊగాలి. ఈ ఆరు ముసలమ్మల్లో ఒక్కరికీ ఆ విద్య రాదు. వీళ్ల మనవరాళ్లకి వచ్చింది. మహా అయితే అరవై ఏళ్ల కిందటి మాట."

"ఈ బట్ట మీది అద్దకం చూడండి! ఆ రంగు చూడండి! నూట ముప్ఫై ఏళ్లకి ఒక్కరోజు తక్కువ కాదు."

"బట్ట పాతదేనేమో. మరి కుట్టు కొత్తదైతే బొంత పాతదా, కొత్తదా?"

అది ఆమె ఏటా విద్యార్థులకు చెప్పే మొదటి పాఠం. బొంత వయసంటే అందులోని అన్నిటికంటే కొత్త వస్తువు వయసు. నోటిదాకా వచ్చిన ఆ పాఠాన్ని మింగేసింది.

"మీరు నట్లు బిగించుకోండి" అంది.

"అలాగేనండీ." కాళ్లు తప్ప మిగతా మనిషి మళ్లీ మిషన్ కిందికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అతను ఇంటికి వెళ్లాక, హాలు తలుపు వేసి భూతద్దం పట్టుకుంది. చేతికుట్టయితే ఒకటే దారం ఉంటుంది. ఇక్కడ రెండు దారాలు, పైదొకటి, కిందిదొకటి, ఒకదాన్నొకటి పెనవేసుకుని నిక్షేపంగా ఉన్నాయి. ఆరేళ్లలో ఆ చిరుగును ఆమె నూరుసార్లు చూసి ఉంటుంది. చూసిన ప్రతిసారీ తనకు కావలసిందే చూసింది.

అయినా ఆశ చావదు కదా. మర్నాడు జోరు వానలో గొడుగు వేసుకుని అతని షాపుకు వెళ్లింది. గొడుగు దారిలోనే తిరగబడింది. తడిసి ముద్దయి, చేతిలో పుల్లల కట్టలాంటి దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడితే అతను నవ్వలేదు. తువ్వాలిచ్చాడు. ఆ నవ్వకపోవడమే ఆమెకు ఎక్కువ అవమానంగా తోచింది.

"నేను ఒప్పుకోడానికి రాలేదు. రుజువు చూపిస్తే ఆలోచిస్తాను."

అతను ఒక అరవై ఏళ్లనాటి మిషన్ ముందు కూర్చుని, గుడ్డముక్క పెట్టి తొక్కాడు. టకటకమని అలలు వచ్చేశాయి. మనసులో ఆటుపోట్లేమీ లేకుండానే.

తెచ్చుకున్న బొంత ఫోటో పక్కన పెట్టి చూసింది. కవల పిల్లల్లా ఉన్నాయి.

"మరి ఆ ఖాళీలు?" అంది చివరి గడ్డిపోచ పట్టుకుంటూ.

అతను సూది తీసి, మొన కొంచెం వంచి, మళ్లీ బిగించి కుట్టాడు. కొన్ని కుట్లకొకసారి ఒకటి ఎగిరిపోయింది.

"అంటే శ్వాస విరామం..."

"ఆవిడ సూది మార్చుకోలేదండీ."

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. ముందు ఏడుపు వస్తుందనుకుంది. తీరా వచ్చింది నవ్వు. "నాలుగు పేజీలు రాశాను ఆ ఊపిరి మీద! అది తాత్విక మౌనమని కూడా అన్నాను!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. అతను తొక్కడం మర్చిపోయి ఆమెనే చూస్తుండిపోయాడు. బయట వాన ఆగిన సంగతి ఇద్దరూ గమనించలేదు. గమనించినా చెప్పుకోలేదు.

"మీరూ ఒకసారి కుట్టి చూడండి" అన్నాడు.

ఆమె కుట్టింది. మూడు సూదులు విరిగాయి.

"మీరు వ్యాసాలే రాసుకోండి మేడం. దేశానికి సూదులు మిగులుతాయి."

ఆ మర్నాడు దారం బిగువు గురించి సందేహం వచ్చి మళ్లీ వెళ్లింది. సాయంత్రం కింది దారం చుట్టే బాబిన్ గురించి ఇంకో సందేహం వచ్చింది. "ఆరేళ్ల పీహెచ్‌డీలో రాని సందేహాలన్నీ రెండు రోజుల్లో వస్తున్నాయేంటమ్మా?" అంది వదిన. డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. తలకిందులుగా.

ప్రదర్శనకు ముందురోజు ధైర్యం చేసి, డైరెక్టర్ మేడంకు నిజం చెప్పింది.

డైరెక్టర్ మేడం తల పట్టుకుంది. "బ్రోచర్లు అచ్చయిపోయాయి. అట్ట మీద ఉన్నది ఆ బొంతే. ఎవరికి తెలుస్తుందమ్మా? నువ్వు గట్టిగా చెప్పు, చాలు. అందరూ నమ్ముతారు."

మిషన్లకు చివరిసారి నూనె వేస్తున్న మెకానిక్ ఈ మాటలు విన్నాడు. మేడం వెళ్లాక దగ్గరికి వచ్చాడు.

"నేనెవరితోనూ అననండీ. కావాలంటే నేనే పొరబడ్డానని మేడంతో చెప్పేస్తా."

ఆమెకు చుర్రుమంది. "అంటే నేనింక అబద్ధం మీద బతకాలా? మీ జాలి నాకక్కర్లేదు."

"జాలి కాదండీ."

"మరేంటి?"

అతను బిగించి ఉన్న నట్టునే మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఇంటికెళ్లాక, అతని మీద అరిచినందుకు తనను తాను ఇంకో గంట తిట్టుకుంది.

మర్నాడు హాలు నిండిపోయింది. ముందు వరసలో నాన్న, వదిన కూర్చున్నారు. డైరెక్టర్ మేడం కళ్లతోనే బతిమాలుతోంది. మెకానిక్ కోసం ఆమె చూపు నాలుగు మూలలా వెతికింది. వెనకాల గోడకానుకుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ముక్కు శుభ్రంగా ఉంది. ఆమెకు కొంచెం లోటుగా అనిపించింది.

"మిత్రులారా! బ్రోచర్లో ఈ బొంతకు నూట ముప్ఫై ఏళ్లని ఉంది. అది తప్పు. రాసింది నేనే. ఇందులో నేను కనిపెట్టిన తరంగ కుట్టు మామూలు మిషన్ కుట్టు. ఇందులో నేను విన్న ఊపిరి ఒక వంగిన సూది. ఈ సంగతి ఒక మెకానిక్‌కు అరనిమిషంలో తెలిసింది. నాకు ఆరేళ్లు పట్టింది, ఇంకా పట్టేదే."

హాలంతా గొల్లుమంది. వాళ్లతోపాటు ఆమె కూడా నవ్వింది. తర్వాత బొంత అంచు మెల్లగా ఎత్తి చూపించింది.

"కానీ బట్ట మాత్రం నిజంగానే నూట ముప్ఫై ఏళ్లది. కుట్టు అరవై ఏళ్లది. అంటే ఈ ముక్కలు డెబ్భై ఏళ్లు ఏ పెట్టెలోనో మడతల్లో ఉండిపోయాయి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వచ్చాయి. ఎవరూ కుట్టలేదు. చివరికెవరో ఒకామె మిషన్ ముందు కూర్చుంది. సూది బాగాలేకపోయినా ఆగలేదు, కుట్టేసింది. నేనిప్పటిదాకా ఈ బొంతలో గొప్ప పనితనం వెతికాను. ఆ తొందర నాకు కనబడలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని బొంతకేసి వంగి చూసింది.

"అన్నేళ్లు ఎందుకు ఆగినట్టు?" వెనకనుంచి ఒక గొంతు. ఆమెకు తెలిసిన గొంతే.

"తెలీదండీ" అంది. ఆ మాట అంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

చప్పట్లు అయ్యాక జనం మిషన్ల చుట్టూ మూగారు. డైరెక్టర్ మేడం వచ్చి, "కొంప ముంచావనుకున్నాను. అందరూ ఆ బొంత దగ్గరే ఉన్నారు" అని చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. మెకానిక్ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఎందుకు ఆగారో నాకు తెలుసనిపిస్తోందండీ."

"మీకన్నీ తెలుస్తాయి. చెప్పండి."

"కత్తెర పెడితే ఉన్నది కూడా పాడవుతుందేమోనని. నేనూ మూడు రోజులుగా అలాగే ఆగుతున్నా. చెబితే మీరు షాపుకి రావడం కూడా మానేస్తారేమోనని."

డాక్టరమ్మ గుండె మిషన్ కన్నా గట్టిగా కొట్టుకుంది. మొహం మాత్రం పరిశోధకురాలిలా పెట్టింది. "ఏం చెబితే?"

"తెలిసిందిగా."

"రుజువు లేనిదే ఏదీ నమ్మకూడదని ఇప్పుడే ఇంతమంది ముందు బుద్ధి తెచ్చుకున్నాను."

అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మీరంటే ఇష్టమండీ" అన్నాడు.

"ఇంకోసారి. రెండుసార్లు పరిశీలించాలి మేం."

"ఇష్టమండీ."

"నాకూ" అంది, తన వంతుకు ఒక్క రుజువు కూడా చూపించకుండా.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి దగ్గు వినిపించింది. నాన్న. పక్కన వదిన, కొంగు అడ్డం పెట్టుకున్నా దాగని నవ్వుతో. ఎంతవరకు విన్నారో తెలియదు. డాక్టరమ్మ మొహం బొంతలోని ఎర్ర ముక్కతో పోటీపడింది.

"నువ్వేనా అబ్బాయ్ ఆ మెకానిక్‌వి?" అన్నాడు నాన్న.

"అవునండీ."

"మా అమ్మాయి తప్పు పట్టుకుంది నువ్వేనా?"

"అవునండీ."

నాన్న అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నేను ముప్ఫై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. సరే, మా ఇంట్లో ఒక కుట్టు మిషన్ పాడైంది. ఆదివారం వచ్చి చూస్తావా?"

"తప్పకుండానండీ."

వదిన అయోమయంగా మొహం పెట్టింది. "మనింట్లో కుట్టు మిషన్ ఎక్కడుంది మామయ్యా?"

"ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందిగా అమ్మా" అన్నాడు నాన్న, "కొందాం."