పంకజం గీసిన ఇల్లు

రాజపాళయం పాతవీధి చివర ఉన్న మిద్దె దగ్గర రాత్రిపూట ఎవరూ తల ఎత్తి నడవరు. మిల్లులో నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చేవాళ్లు కూడా అక్కడికి రాగానే బండి వేగం పెంచుతారు. పైగదిలోంచి చప్పుడు వస్తుందట. ఏడుపు కాదు, గజ్జెలు కాదు... ఎవరో బొగ్గుతో గోడమీద గీస్తున్నట్టు... గర్... గర్... అని. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను.

పంకజం ప్రాణం పోయింది ఆ గదిలోనే.

ఆమె అన్న సీతారామ ఇంకా ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. మొలలో వెండి గొలుసు, దానికి తాళాల గుత్తి. ఆయన వస్తుంటే మనిషికంటే ముందు ఆ గలగల వినిపిస్తుంది. ఊళ్లో పెద్దమనిషి. చెల్లెలికి మతి చలించింది, బయటికి వదిలితే ఏ బావిలోనో పడుతుంది, అందుకే గదిలో పెట్టి సాకుతున్నానని అప్పట్లో చెప్పాడు. ఊరు నమ్మింది. పెద్దమనిషి చెబితే నమ్మకేం చేస్తుంది?

అసలు సంగతి వేరు. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటానంది పంకజం. అంతే. దానికే తాళం పడింది. పదేళ్లకు పైగా పడే ఉంది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

రాత్రిళ్లు ఆమె తలుపు తట్టి, "అన్నా, ఒక్కసారి తియ్యన్నా," అనేది. ఆయన బయటినుంచి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు.

"పండుకో. తెల్లారినాక చూద్దాం."

ఎన్ని తెల్లవారుజాములు అలా గడిచాయో ఆమెకే తెలియాలి. చివరికి ఆమెను మోసుకుని బయటికి తెచ్చిన రోజు కూడా ఆయన గుమ్మం దాటి లోపలికి పోలేదు. మళ్లీ తాళం వేసి, ఆ తాళంచెవిని గుత్తిలోనే ఉంచుకున్నాడు.

ఆయన కొడుకు రఘురామ ఈమధ్య సత్రపట్టి రోడ్డులో స్థలం కొన్నాడు. ఊళ్లో ఎవరికీ లేనట్టి ఇల్లు కావాలన్నాడు. డిజైన్ పని అర్చనకు అప్పగించాడు. ఈ ఊరి పిల్లే, కోయంబత్తూరులో చదువుకుని వచ్చింది. ఫోన్లో ఏ దేశం ఇల్లు చూపించినా రఘురామ పెదవి విరిచేవాడు. విసిగిపోయి ఆ పిల్ల, మీ పాత ఇల్లు ఒకసారి చూద్దాం, అక్కడ ఏదైనా తోస్తుందేమో అంది. ఆరోజు సీతారామ తళవాయిపురంలో పెళ్లికి వెళ్లాడు. రఘురామ పైగది తాళం పగలగొట్టించాడు.

లోపల అర్చన టార్చి వేసింది. గోడ నిండా ఒక ఇల్లు. బొగ్గుతో గీసిన గీతలు, ఎక్కడా వంకర లేదు. ప్రతి గదికీ రెండు వైపులా కిటికీలు, మధ్యలో ఆకాశం కనిపించే హాలు, కొండలవైపు పెద్ద పడకగది. వెలుతురు కోసం మొహం వాచిపోయిన మనిషి గీసిన ఇల్లది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రఘురామ, ఫోన్లో తీసిన ఆ గోడ ఫోటో తండ్రి ముందు పెట్టాడు.

"అత్త గీసింది నాయనా. ఇదే కడుతున్నాం."

సీతారామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాస్త తేరుకుని, పిచ్చిదాని గీతలకు ఇల్లు కడతారా, తుడిచేసి సున్నం కొట్టించండి అన్నాడు. భోజనానికి ఆగిన అర్చన మెల్లగా అంది.

"మతి లేని చెయ్యి ఇట్ల గీయదు తాతా. మెట్లకి ఎంత చోటు కావల్నో కూడా ఆ యమ్మ తప్పలేదు."

ఆయన ఇంక నోరెత్తలేదు. ఎత్తితే కొడుకు ఎందుకని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న చాలు, ఇన్నేళ్లు దాచిన అబద్ధం బయటపడడానికి. కానీ చూపు మాత్రం బొమ్మలో ఒక మూల ఇరుక్కుపోయింది. పెద్ద పడకగది పక్కన, మెట్ల కింద, చిన్న గది. దానికి మాత్రం కిటికీ లేదు. తలుపు కూడా లేదు. లోపల బొటనవేలంత మగమనిషి బొమ్మ... మొలలో చిన్న చిన్న సున్నాలు, గుత్తిగా.

"వాచ్‌మన్ ఏమో. చుమ్మా, ఊరికే గీసింటారు," అని నవ్వింది అర్చన.

సీతారామకు ఆ మనిషెవరో తెలుసు.

ఇల్లు లేస్తుంటే ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. మెట్ల కింది ఆ సందు తీసేయమని మేస్త్రీ శక్తివేల్‌ను బతిమాలాడు. తీస్తే మెట్లు కుదరవన్నాడు మేస్త్రీ. పోనీ, దానికొక తలుపైనా పెట్టమన్నాడు. మెట్లకింద ఉత్త బొందకి తలుపెందుకు నాయనా అని నవ్వాడు కొడుకు. దానికి జవాబు ఆయన దగ్గర ఉంది. నిజం చెబితే చాలు, తలుపు పడేది. చెప్పలేదు. చెల్లెలి ప్రాణంకంటే పరువు గొప్పదనుకున్నవాడు, తన ప్రాణం దగ్గరా అదే అనుకున్నాడు. శక్తివేల్ ఆ సందును నాలుగు వైపులా కట్టి పూసేశాడు.

గృహప్రవేశం అయింది. కొండలు కనిపించే పెద్ద పడకగది తండ్రికే ఇచ్చాడు కొడుకు. అందరి ముందూ ఆయన వద్దనలేకపోయాడు.

ఆ రాత్రి వాన మొదలైంది. సీతారామ తలుపు గడియ పెట్టాడు. కిటికీలన్నీ ఒక్కొక్కటే మూశాడు. గుత్తిని చేత్తో తడుముకుని పడుకున్నాడు. కన్ను మూతపడుతుండగా—

గర్... గర్...

మెట్లవైపు గోడలోపలినుంచి.

లేచి కూర్చున్నాడు. చప్పుడు ఆగింది. తరువాత, చాలా మెల్లగా...

"అన్నా... ఒక్కసారి తియ్యన్నా."

ఆ క్షణమైనా తప్పు ఒప్పుకుని ఉండొచ్చు. కొడుకును పిలిచి, గోడ పగలగొట్టరా, మీ అత్తకు నేనీ పాపం చేశాను అని ఉండొచ్చు. కానీ పాత అలవాటు. నాలుక దానంతటదే అనేసింది.

"పండుకో. తెల్లారినాక చూద్దాం."

గోడ నిశ్శబ్దమైపోయింది. ఆయనకు నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి ఊపిరి ఆడడం లేదు. మంచం లేదు. స్విచ్చి కోసం చెయ్యి చాపాడు... గోడ. రెండో పక్క చాపాడు... గోడ. వెనక్కి జరిగితే వీపుకు గోడ తగిలింది. ముక్కు నిండా పచ్చి సిమెంటు వాసన. మొలలో గుత్తి గలగలమంది. ఒక్కొక్క తాళంచెవీ పట్టుకుని గోడంతా తడిమాడు, ఎక్కడైనా చిల్లు దొరుకుతుందేమోనని. అన్ని తాళాలూ ఉన్నాయి. తలుపే లేదు.

"రఘూ..." అని అరిచాడు. పైన ఏసీ వేసుకుని పడుకున్న కొడుక్కి ఏం వినిపిస్తుంది?

అప్పుడు గోడ అవతల, తన గదిలో, కిటికీ గడియ తీసిన చప్పుడు. ఒక కిటికీ తెరుచుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. కొండలమీంచి వానగాలి హోరున లోపలికి వస్తున్నట్టు వినిపిస్తోంది, ఆయనకు మాత్రం చుక్క గాలి లేదు. ఎవరో తీరిగ్గా ఆయన మంచంమీద కూర్చున్నారు. మంచం కిర్రుమంది.

రెండు చేతులతో గోడ బాదాడు. ఆ మాట జన్మలో మొదటిసారి ఆయన నోట వచ్చింది.

"పంకజం... తప్పు చేసినాను. తియ్యమ్మా... ఒక్కసారి తియ్యి."

మంచం మళ్లీ కిర్రుమంది. తరువాత గోడకు అటువైపు, సరిగ్గా ఆయన చెవి దగ్గర, ఏ తొందరా లేని గొంతు...

"పండుకో అన్నా. తెల్లారినాక చూద్దాం."