ఇరవై మూడు కిలోల మైసా

"అది తీసెయ్," అన్నాడు వజ్దీ.

"ఏది?"

"ఆ ఇస్త్రీపెట్టె. జర్మనీ వాళ్లంతా నలిగిన బట్టలతో తిరుగుతున్నారనుకున్నావా?"

"ఇది నాకు అలవాటైంది."

"అలవాటైనవన్నీ పట్టుకుపోతే విమానం లేవదు."

"అలవాటైనవన్నీ పట్టుకుపోతున్నానని నీకెవరు చెప్పారు?" అంది మైసా, సూటిగా అతని వంకే చూస్తూ.

వజ్దీ ఆ చూపును కూడా చుట్ట చుట్టి ఓ మూలకి దూర్చేశాడు. అదీ అతని పనితనం.

స్ఫాక్స్ పాతపేటలోని ఆ వీధి నుంచి ఎవరు దేశం దాటినా పెట్టె సర్దాల్సింది వజ్దీయే. మార్సెయ్‌లో చదువుకున్నన్నాళ్లూ ఒకే ఒక్క పెట్టెతో నెట్టుకొచ్చిన ఘనుడు మరి. చొక్కా మడవడు, చుడతాడు. బూట్ల కడుపులో సాక్సులు, సాక్సుల కడుపులో మసాలా పొట్లాలు కుక్కుతాడు. కుస్‌కుస్ రవ్వ వండే గిన్నెను ఖాళీగా పంపడం అతని దృష్టిలో మహాపాపం. అందులో రెండు స్వెటర్లయినా కాపురం పెట్టాల్సిందే. పెట్టె సర్దడం తెలుసు, ఇరుకులో సర్దుకోవడం తెలుసు, ఇరుగుపొరుగు పోట్లాడుకుంటే సర్దిచెప్పడమూ తెలుసు. ఎటొచ్చీ మూట విప్పగలడు గానీ మాట విప్పలేడు. స్ఫాక్స్ వాళ్లు డబ్బు దగ్గర పిసినారులని రాజధాని ట్యూనిస్ వాళ్లు వేళాకోళం చేస్తుంటారు. వజ్దీకి మాట దగ్గర కూడా చెయ్యి ముడుచుకుపోతుంది.

అలా సర్ది సర్ది సగం వీధిని సాగనంపాడు. ఇప్పుడు మైసా వంతు వచ్చింది. హానోవర్‌లో నర్సు ఉద్యోగం, రెండేళ్ల ఒప్పందం, ఎల్లుండే ప్రయాణం, ఒక్కటే పెట్టె, ఇరవై మూడు కిలోలు. ఎంత చక్కగా సర్దితే పిల్ల అంత చక్కగా వెళ్లిపోతుంది. మనసు పడ్డ పిల్లను ఇంత తక్కువ చోటులో, ఇంత నేర్పుగా, తన చేతులతో తానే దూరం చేసుకునే ప్రేమికుడు ఇంకో ఊళ్లో అయితే దొరకడు.

ఇంతలో మైసా వాళ్ల పెద్దమ్మ జమీలా ఓ ఎర్రగుడ్డ మూటతో ఊడిపడింది. మూట కన్నా ముందు దాని వాసన లోపలికి వచ్చింది.

"ఇదేంటి పెద్దమ్మా?" అన్నాడు వజ్దీ.

"ఎండు ఆక్టోపస్ నాయనా. డార్ట్‌మండ్‌లో ఉన్న మా మరిది కొడుక్కి."

"మైసా వెళ్లేది హానోవర్‌కి కదా."

"రెండూ జర్మనీయేగా. వాడే వచ్చి పట్టుకెళ్తాడు. అడ్రసు కూడా అక్కర్లేదు, వాసన పట్టుకుని వచ్చేస్తాడు."

వద్దంటే పెద్దమ్మ మనసు విరుగుతుంది, సరేనంటే పెట్టె చక్రం విరుగుతుంది. వజ్దీ నిట్టూర్చి, ఇస్త్రీపెట్టె తీసి ఆక్టోపస్‌కి చోటిచ్చాడు. మైసా ఆ ఇస్త్రీపెట్టెను బల్ల మీద ఠంగుమని పెట్టింది.

ఇక తూచాలి. ఇంట్లో ఉన్న తూకం యంత్రం, జమీలా పెద్దమ్మ ఎక్కి దిగిన రోజు నుంచి ప్రాణభయంతో నోరు మూసుకుంది.

"మా నూనెమిల్లుకి పోదాం. ఆలివ్ బస్తాలు తూచే కాటా ఉంది," అన్నాడు వజ్దీ. మిల్లు వాళ్ల ఇంటి ముంగిట్లోనే, వీధి చివర.

బయట వాన. బురదలో చక్రాలు దొర్లవని వజ్దీ పెట్టెను భుజానికెత్తుకున్నాడు. తడవకుండా మైసా తల్లి జకియా దాని మీద కుట్టుపని చేసిన తెల్ల దుప్పటి కప్పింది. వెనకే గొడుగుతో మైసా, పెట్టెలో పట్టని గిన్నెతో జకియా. చివర్న జమీలా. ఆక్టోపస్‌ని విడిగా తూచాలని ఆవిడ పట్టుబట్టి, ఎర్రమూటను మళ్లీ నెత్తికెక్కించుకుంది.

నలుగురికీ తట్టని సంగతొకటుంది. ఆ పేటలో ఆడపిల్ల సామాను తెల్ల దుప్పటి కప్పుకుని, వెనక ఆడవాళ్లు బారులు తీరగా, మగపిల్లాడి గుమ్మం తొక్కేది ఒకే ఒక్క సందర్భంలో. పెళ్లికి ముందు సారె వెళ్లేటప్పుడు.

మేడ మీది కిటికీలోంచి ఎదురింటి ఫత్తూమా చూసింది. మరుక్షణం నాలుక గిరగిరా తిప్పి పెళ్లికూత అందుకుంది. ఆ కూతకి ఓ తలుపు, ఆ తలుపు చప్పుడుకి ఇంకో తలుపు తెరుచుకున్నాయి.

"చెప్పనేలేదేం జకియా? మేమొచ్చి మీ కుస్‌కుస్ మొత్తం తినేస్తామనా?"

"సారె రోజున వాన పడితే శుభం తల్లీ."

జకియా నోరు తెరిచింది గానీ, అందులో ఎవరో చక్కెర బాదంపప్పు పెట్టేశారు.

మిల్లులోంచి వజ్దీ తండ్రి హాజీ మొఖ్తార్ నూనె చేతులతో బయటికొచ్చాడు. పెట్టెను చూశాడు, దుప్పటిని చూశాడు, మైసాను చూశాడు. కళ్లు తుడుచుకోబోయి మొహమంతా నూనె పూసుకున్నాడు.

"తండ్రికి చెప్పకుండా సారె దాకా తెచ్చావురా? పోన్లే. నువ్వు నోరు విప్పేదాకా ఆగితే నేను మనవల్ని పైనుంచి చూసుకోవాల్సొచ్చేది. రండమ్మా, లోపలికి రండి."

వజ్దీ పెట్టెను కాటా పక్కన దించాడు. జమీలా చప్పున పక్షం మార్చింది. "గుమ్మం దాటిన సారె వెనక్కి పోతే అరిష్టం అన్నయ్యా," అంది, అక్కడికి అంతా తానే కుదిర్చినట్టు.

వీధి వీధంతా వజ్దీ నోటి వంక చూసింది. మైసా కూడా చూసింది, కనురెప్ప మీద నిలిచిన వానచుక్కను తుడుచుకోకుండా. అవునంటే, ఎల్లుండి ఎగరాల్సిన పిల్లని వీధంతా కలిసి కట్టేసినట్టవుతుంది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని పరీక్షలు రాసిందో అతనికి తెలుసు. కాదంటే పెట్టెతో పాటు తనూ మూతపడిపోతాడు. వజ్దీ మాటను అటూ ఇటూ తూచాడు.

"సారె కాదు. కాటా మీద తూచడానికి తెచ్చాం," అన్నాడు.

ఫత్తూమా కూత గాలి పోయిన టైరులా ఆగింది.

"అవును, కాటా కోసమే," అంది మైసా. గొడుగును ఠప్పున మూసేసింది. దానికి అంత బలం అవసరం లేదు.

వజ్దీ పెట్టెను కాటా ఎక్కించాడు. ముల్లు ఇరవై అయిదు దాటింది. ఆక్టోపస్ బయట ఉండగానే. పగిలిన మనసు సంగతి తర్వాత, ముందు పనివాడి పౌరుషం పొడుచుకొచ్చింది. తను సర్దిన పెట్టె ఎక్కువ తూగడమా? కాటా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని పెట్టె తెరిచాడు. అన్నిటికన్నా అడుగున, తను పెట్టనిదొకటి చేతికి తగిలింది. గోధుమరంగు ఉన్ని అంగీ, తలమీది టోపీతో సహా. మగవాళ్లు చలికాలం తొడుక్కునే కషాబియా.

"ఇది నాది," అన్నాడు.

"అవును."

"నీ పెట్టెలోకి ఎలా వచ్చింది?"

"మీ నాన్నని అడిగి తీసుకున్నా."

హాజీ మొఖ్తార్ ఇంటికప్పును కొత్తగా చూస్తున్నట్టు చూడసాగాడు.

"నీకిది మరీ పొడుగు."

"తెలుసు."

"నూనె వాసన కొడుతుంది."

"అందుకే."

వజ్దీ అంగీని బయటికి లాగి దులిపాడు. "దీన్ని పెట్టెలో పెట్టకూడదు మైసా."

మైసా మొహం వాడిపోయింది. "సరే, తీసెయ్. నీకు చేతనైంది తీసెయ్యడమేగా."

"బరువైనవి పెట్టెలో పెట్టరు. ఒంటి మీద వేసుకుంటారు." లేచి అంగీని ఆమె భుజాల మీద కప్పాడు. టోపీ ముక్కు దాకా జారింది. "ఇందాక కాదన్నది నిన్ను ఆపడం ఇష్టం లేక. నువ్వు వెళ్లు, నీ రెండేళ్లూ చెయ్యి. నువ్వంటే నాకు ప్రాణం. మిల్లు సీజను అవగానే నేనే అక్కడికొస్తాను. నీకిష్టమైతేనే."

టోపీ లోపలి నుంచి గొంతు వచ్చింది.

"ఇంత మాట నీలో ఎక్కడ పట్టింది?"

"చుట్టి పెట్టాను."

"ఇంకా ఉన్నాయా?"

"అడుగున చాలా ఉన్నాయి."

"అయితే రా. అక్కడ ఒక్కొక్కటే విప్పుదువుగాని," అంది మైసా, టోపీ వెనక్కి తోసి. ఆమె చెంపల మీద ఉన్నది వాననీళ్లేనని నమ్మడానికి అందరూ పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

హాజీ మొఖ్తార్ ఇక ఒక్క క్షణం ఆగలేదు. కొడుకు మళ్లీ ఏదైనా తూచి మాట్లాడతాడేమోనన్న భయం. కాటా ముందే అరచేతులు చాచి, పెళ్లి ఖాయం చేసే ఫాతిహా ప్రార్థన చదవడం మొదలుపెట్టాడు. జకియా గిన్నె కింద పెట్టి చేతులు చాచింది. జమీలా మూటను చంకలో ఇరికించుకుని మరీ చాచింది.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. విమానాశ్రయంలో పెట్టె పేచీ లేకుండా తూగింది. బయట వాన వెలిసి చురుక్కుమనే ఎండ కాస్తోంది. కౌంటర్‌లోని అమ్మాయి, పాదాల దాకా జీరాడుతున్న ఉన్ని అంగీలో చెమటలు కక్కుతున్న మైసాను ఎగాదిగా చూసింది.

"ఈ ఎండలో ఇదేంటమ్మా? పెట్టెలో పెట్టుకోకపోయావా?"

"మా ఆయనది," అంది మైసా. "పెట్టెలో పట్టడు."