రెండో చేతికి ఐసు

డయాలిసిస్ ఉన్న రోజు పొద్దున్నే అత్తగారికి ఏదో ఒక వంక దొరకాల్సిందే. ఆ రోజు టీ దొరికింది.

"ఇది టీనా, కుడితినీళ్ళా? మనిషి తాగేదేనా?"

కోడలు ఆసుపత్రి సంచీ సర్దుకుంటోంది. మిగతా రోజుల్లో ఇదే చేత్తో పెట్టిన ఇదే టీని ఊదుకుంటూ తాగుతుంది మహాతల్లి! ఆసుపత్రి రోజు వచ్చిందంటే మాత్రం టీ చల్లారిపోతుంది, చీర నలిగిపోతుంది, కళ్ళజోడు కనిపించకుండా పోతుంది. అన్నిటికీ కారణం కోడలే. కొడుకు బేకరీలో పొయ్యి వెలిగించడానికి తెల్లారకముందే వెళ్ళిపోతాడు కాబట్టి అక్షింతలన్నీ ఆమె నెత్తినే పడతాయి.

క్రితంసారి కూడా ఇలాగే గొడవ పెట్టుకుని, అలిగి, తలుపేసుకుని పడుకుంది. డయాలిసిస్ తప్పిపోయింది. దాంతో కాళ్ళు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇంకోసారి మానేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"అత్తయ్యా, ఆటో వచ్చింది. లేవండి."

"నేను రాను. నీ మొహం చూస్తూ అంతసేపు ఆ మంచం మీద పడుండటం నా వల్ల కాదు."

కోడలి ఓపిక అక్కడితో అయిపోయింది. చేతిలో సంచీ నేలకేసి కొట్టింది.

"నేనంటే పడదని చెప్పండి, రాను. మీ అబ్బాయినే పిలుస్తాను, ఆయనతో వెళ్ళండి. అంతేగానీ నా మీద కోపంతో మీ ప్రాణం తీసుకుంటారా? రేపు మీకేమైనా అయితే ఈ ఇంట్లో నేనెలా బతకాలి?" అంటూ భోరుమంది.

అత్తగారు బిత్తరపోయింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, తలెత్తకుండా అంది. "నీ మీద కోపమెందుకే... నాకు ఆ సూదంటే భయం."

"ఏమిటీ?"

"సూదే! చిన్న సూదా అది? గోనెసంచులు కుట్టే దబ్బనమంత ఉంటుంది. అలాంటివి రెండు. ముందురోజు నుంచే నాకు అదే కళ్ళముందు మెదులుతుంది. ఇంత వయసొచ్చి చిన్నపిల్లలా ఏడిస్తే నలుగురూ నవ్వరూ? నీతో పోట్లాడుతుంటే కాసేపు అది గుర్తురాదు."

కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా! ఇన్నాళ్ళూ నాలో నేను కుమిలిపోయాను."

గబగబా ఫ్రిజ్ తెరిచి, గడ్డకట్టిన బఠాణీల ప్యాకెట్ సంచీలో పడేసుకుంది. చిన్నప్పుడు తలుపు సందులో వేలు నలిగితే వాళ్ళమ్మ ఐసు పెట్టేది, నొప్పి ఇట్టే తగ్గేది. ఆ మాత్రం తెలివి చాలనుకుంది పాపం.

ఆసుపత్రిలో అత్తగారు మంచం ఎక్కీ ఎక్కగానే ఆ ప్యాకెట్ తీసి, సూదులు గుచ్చే ఎడమచేతి మీద పెట్టబోయింది. నర్సు ఒక్క ఉదుటున వచ్చింది.

"అయ్యో, ఆ చేతికి కాదమ్మా! అందులో రక్తం ధారాళంగా పారాలి, చల్లదనానికి నరం ముడుచుకుపోతుంది. రెండో చేతికి పెట్టాలి."

"గుచ్చేది ఇక్కడైతే, అక్కడ పెడితే ఏం లాభం?"

"కొందరికి బాగానే పనిచేస్తుంది, చూడండి." నర్సు ఐసు ముక్కని బట్టలో చుట్టి తెచ్చి, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండ మీద మెల్లగా రుద్ది చూపించింది. "గుచ్చడానికి కాసేపు ముందు మొదలుపెట్టి, అయ్యేదాకా ఇలాగే రుద్దండి. మరీ జివ్వుమంటే తీసెయ్యండి. భయమని చెప్పుంటే మొదట్లోనే చూపించేదాన్ని కదా పెద్దమ్మా!"

కోడలు మంచం పక్కన కూర్చుని రుద్దసాగింది. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుంది, నోరు మాత్రం మూయలేదు.

"కూరలో వేసేవి తెచ్చి నా చేతికి కట్టబోయావు! అవి కరిగి ముద్దయిపోతే సాయంత్రం ఏం వండుతావు? అసలు నీకు ఎవరు చెప్పారే..."

"అయిపోయిందండీ," అంది నర్సు.

"ఏది?"

"సూదులు. రెండూ."

అత్తగారు కళ్ళు తెరిచి ఎడమచేతి వంక చూసింది. గొట్టాల్లో రక్తం అప్పుడే కదులుతోంది.

"నొప్పి లేదా అత్తయ్యా?"

"లేకేం, ఉంది. ఓర్చుకునేంతే ఉంది." చలికి కొంకర్లు పోయిన కోడలి వేళ్ళని గుప్పిట్లోకి తీసుకుంది. "నోటికొచ్చినట్టల్లా తిట్టాను. అయినా పట్టుకునే కూర్చున్నావు. ఎల్లుండి నన్ను తొందరగా లేపు తల్లీ, ఆటో మనకోసం ఆగకూడదు."

ఎల్లుండి వస్తుందట! అడగకుండా, బతిమాలకుండా తనంతట తనే! కోడలు నర్సు రెండు చేతులూ పట్టుకుంది. ఏదో చెప్పాలనుకుంది గానీ ఏడుపే వచ్చింది.